మేత వేసిన చేతిదే తప్పు

నా ఉప్పునీటి అక్వేరియంలో పాచిని చంపాలని చాలాకాలం పట్టుబట్టాను. దాన్ని పోషిస్తున్నది నేనేనన్న ఆలోచన రాలేదు. ఆ తెలివితక్కువతనానికి శిక్ష చేపలకు పడింది.

హైదరాబాద్‌లో మా ఇంటి తొట్టెలో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ ఉండేవి. ఇసుక మీద ముదురు ఎరుపు పొర పరుచుకుంది. మధ్యాహ్నానికి దాని కింద సన్నటి బుడగలు చిక్కుకుని మెరిసేవి. వేలితో తీస్తే కాచిన పాల మీద మీగడలా తెట్టెలుగా లేచేది, మర్నాటికి మళ్లీ కమ్మేసేది. నాచు అనుకున్నాను. నిజానికది సయానోబాక్టీరియా, మొక్కలా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా. ఆ బుడగలు అది వదిలే ఆక్సిజన్.

బాక్టీరియా అని తెలిశాక ఇంకా పెద్ద తప్పు చేశాను. ఇంట్లో మిగిలిన ఎరిత్రోమైసిన్ మాత్రలు నూరి నీళ్లలో కలిపాను. పొర చెదిరిపోయింది, ఇసుక తెల్లబడింది, సంతోషించాను. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున చూస్తే చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ రొప్పుతున్నాయి. చచ్చిన పొర కుళ్లితే నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. పైగా అలాంటి మందు అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే మంచి బాక్టీరియానూ దెబ్బతీయగలదు. గోబీ బతకలేదు. కొన్నాళ్లకు ఎర్ర పొర తిరిగొచ్చింది.

రాక ఏం చేస్తుంది? గడ్డకట్టిన రొయ్యల మేతను కరిగిన నీళ్లతో సహా తొట్టెలో పోసేవాణ్ణి. ఆ నీళ్లతో ఆ పొరకు పోషకమైన ఫాస్ఫేట్ వెళ్తుంది. చేపలు వదిలేసిన ముక్కలు రాళ్ల సందుల్లో కుళ్లేవి. నీటిమట్టం తగ్గితే మేం తాగే ఆర్‌ఓ నీళ్లే పోసేవాణ్ణి. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరు ఒక్కటే, పోసిన నీళ్లలోని లవణాలన్నీ లోపలే పేరుకుంటాయి. తాగే ఆర్‌ఓలో కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి. అక్వేరియానికి టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) సున్నా దగ్గరున్న నీళ్లు కావాలి, అందుకు ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను తీసే డీఅయనైజేషన్ కూడా ఉండాలి.

ఇప్పుడు మేతను జల్లెడలో కడిగి, చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేస్తున్నాను. పొరను చంపకుండా సైఫన్ గొట్టంతో బయటికి లాగేస్తున్నాను. అది పీల్చుకున్న ఫాస్ఫేట్ కూడా దాంతోపాటే పోతుంది. నీరు కదలని మూలకు పంపు తిప్పాను. నీటిలోని మలినాలను నురగగా తీసే స్కిమ్మర్ గిన్నె తరచూ కడుగుతున్నాను. వారానికి పదో వంతు నీళ్లు మారుస్తున్నాను, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండేలా చూసి. రాళ్లు పట్టుకున్న పాత ఫాస్ఫేట్ మెల్లగా వదులుతుంది, కాబట్టి ఫలితానికి నెలలు పట్టొచ్చు. తొందరపడి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా తీసేస్తే ఇంకా మొండి సూక్ష్మజీవులైన డైనోఫ్లాజెల్లేట్లు పట్టుకునే ప్రమాదం ఉంది.

మీ తొట్టెలోనూ ఎర్ర పొర కనిపిస్తే, మందు వెతికే ముందు రోజూ ఎంత మేత వేస్తున్నారో, ఏ నీళ్లు పోస్తున్నారో చూసుకోండి. నా గోబీకి ఆ అవకాశం నేనివ్వలేదు.