స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కారు?

మొత్తానికి సంక్రాంతికి పట్టిన శని వదిలింది. పొంగలి ఇక 5 నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్ తెరిస్తే అదే గోల, టీవీ పెడితే అదే గోల. ఇన్నాళ్లూ పొంగలి వండలేక భోగి మంట పక్కన కూర్చుని కుమిలిపోయిన జాతికి విముక్తి దొరికింది.

అయ్యా, ఈ వంట ఎప్పుడు కష్టంగా ఉండేది? బియ్యం, పెసరపప్పు, ఉప్పు, నీళ్లు. పైన నేతిలో మిరియాలు, జీలకర్ర, అల్లం, కరివేపాకు, ఉంటే నాలుగు జీడిపప్పులు. రాయలసీమలో దీని లాంటి పులగాన్ని వంట రానివాళ్లు కూడా వండుతారు. పొయ్యి మీద పడేసి వాకిట్లో ముగ్గు పూర్తి చేసుకొచ్చేలోపు దాని మానాన అది ఉడుకుతుంది. కష్టమంటే అరిసెలు. బియ్యం నానబోసి, తడిపిండి పట్టించి, బెల్లం పాకం దగ్గర ఒక్క క్షణం ఏమరితే గోవిందా. ఆ జోలికి ఒక్క మొనగాడూ పోడు. ఎప్పుడూ సులువుగానే ఉన్నదాన్ని మేమే సులువు చేశామని చెప్పుకోవడానికి మాత్రం ఎగబడుతున్నారు.

సరే, 5 నిమిషాలే అనుకుందాం. స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కారు? రీలు మొదలయ్యేసరికే పెసరపప్పు దోరగా వేగి ఉంటుంది. బియ్యం కడిగి నానబెట్టేసి ఉంటాయి. అల్లం తరిగి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, కరివేపాకు దూసి, అన్నీ చిన్న చిన్న గాజు గిన్నెల్లో బారులు తీరి ఉంటాయి. ఆ గిన్నెలు నింపిన చేతులు మాత్రం తెర మీదికి రావు. మన ఇళ్లలో అయితే అవి ముందు రోజు అర్ధరాత్రి దాకా నడుం వాల్చని చేతులు.

తర్వాత కుక్కర్. ఆవిరి పట్టాలి, నాలుగు కూతలు రావాలి, ఆ ఆవిరి దానంతట అది దిగాలి. రీల్లో ఇవేవీ ఉండవు. మూత పెట్టడం, చిటికె వేయడం, మూత తీయడం. మీరూ అలాగే చిటికె వేసి తీశారో, సూర్యుడికి పెట్టాల్సిన నైవేద్యం వంటింటి కప్పుకు చేరుతుంది.

ఆఖరున అరిటాకు మీద పొంగలి, పొంగలి మీద నెయ్యి, ఒక నమస్కారం. అయిపోయిందట! ఏమయిపోయింది? సింకులో అడుగంటిన కుక్కర్ ఉంది. పోపు బాణలి ఉంది. ఆ గాజు గిన్నెల దండు మొత్తం ఉంది. అవి తోమేటప్పుడు ఏ పుణ్యాత్ముడూ స్టాప్‌వాచ్ నొక్కడు. ఒకావిడ ముందు రోజు చేసిన పని లెక్కలోంచి తీసేసి, తర్వాత చేసే పనీ తీసేస్తే మిగిలినవే ఈ 5 నిమిషాలు. ఇలా లెక్కేస్తే పెళ్లి వంట కూడా పావుగంటలో అయిపోతుంది.

ఓట్స్ పొంగలి, క్వినోవా పొంగలి, నెయ్యి లేని పొంగలి గురించి నేనేమీ అనను. పండగ పూట నోరు చెడగొట్టుకోవడం ఎందుకు!

ప్యాకెట్ పొంగలికి వేడినీళ్లు పోస్తే చాలట. పోసే ముందు వెనక తయారీ తేదీ చూడండి. అది జూన్ అయితే, మీరు పండగ చేసుకుంటున్న ఈ కొత్త పంటకు అప్పటికి నాట్లు కూడా పడలేదు. కొత్త బియ్యం ఇంటికొచ్చాయని చేసుకునే పండగ ఇది. అవి మెత్తగా, జిగురుగా ఉడుకుతాయి గనకే పొంగలికి అంత రుచి. ఆ రుచిని అట్టపెట్టెలో కొనుక్కుని కొత్త పంటకు దండం పెడుతున్నాం.

ఇక ఎగతాళి చాలు. నాకు ఒళ్లు మండుతున్నది ఇక్కడే. సాంబా మసూరి వరి చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. కోశాక రోడ్డు మీద ఆరబోయాలి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. ఆరుతుండగా వాన పడితే మళ్లీ మొదటికి. సంచులు రాలేదంటారు, లారీ రాలేదంటారు, చివరికి తూకం దగ్గర తరుగు తీస్తారు. ఇన్ని దాటితే 2025–26లో ‘ఏ’ గ్రేడ్ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ధాన్యం కుప్పకు కాపలాగా రాత్రంతా చలిలో పడుకున్న మనిషికి టైమ్ మిగిల్చే చిట్కా ఒక్కటీ ఎవరికీ తట్టదు. మన నోటి దగ్గర మాత్రం 5 నిమిషాలు ఆగలేం!

త్వరగా వండుకోవడం తప్పని నేననడం లేదు. పండగ పూటా డ్యూటీకి పోవాల్సిన ఆడవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లు ఏ ప్యాకెట్ చించుకున్నా నాకు అభ్యంతరం లేదు. నా తగాదా ఇంకొకరి చాకిరీ దాచిపెట్టి చిటికెలు వేసే పెద్దమనుషులతో. బాబూ, ఈ కనుమకు ఆ కుక్కర్ నువ్వే తోము. ఎన్ని నిమిషాలు పట్టిందో కత్తిరించకుండా రీలు పెట్టు. మొదటి లైక్ నాదే.