మళ్ళీ ఎత్తుకుపోయారు

జపాన్‌లో ఏ లోకల్ రైలెక్కినా ఆవిడ కనిపిస్తుంది. ఒళ్ళో కూరల సంచి, చేతిలో మాంగా బొమ్మలకథల పుస్తకం. అడిగితే షాపువాళ్ళే అట్టమీద కాగితం తొడిగిస్తారు కాబట్టి ఏం చదువుతోందో పక్కవాళ్ళకి తెలీదు. కానీ ఆ నిట్టూర్పు వింటే చాలు. కారోల్‌ని మళ్ళీ ఎవడో ఎత్తుకుపోయాడు.

పుస్తకం పేరు ‘ఓకే నో మొన్‌షో’, అంటే రాజవంశ చిహ్నం. హొసొకావా చియెకో 1976లో ‘ప్రిన్సెస్’ మాసపత్రికలో మొదలుపెట్టారు. ఈజిప్టులో పురావస్తుశాస్త్రం చదువుతున్న అమెరికా పిల్ల కారోల్ శాపం తగిలి ఫరోల కాలంలో వెళ్ళి పడుతుంది. కుర్రరాజు మెంఫిస్ ఆమె మీద మనసు పారేసుకుంటాడు. సంపుటాలు అరవై దాటాయి. బళ్ళో చదివేటప్పుడు ఈ కథ పట్టుకున్న ఆవిడకి ఇప్పుడు బడికెళ్ళే మనవరాలుంది. కారోల్ మాత్రం ఇంకా పడుచుపిల్లే.

శాపంతో ఆవిడకి పేచీ లేదు. నైలు నదిలో మునిగిన పిల్ల ఇరవయ్యో శతాబ్దంలో తేలినా పేచీ లేదు. మెంఫిస్ అనేది గ్రీకులు ఓ ఊరిని పిలిచిన పేరు. కాకతీయ చక్రవర్తికి సికింద్రాబాద్ అని నామకరణం చేసినట్టన్నమాట. అదీ ఆవిడకి పట్టదు. ఆవిడ బాధల్లా కాపలావాళ్ళతోనే. హిట్టైట్ యువరాజు ఇజ్మీర్ ఎత్తుకుపోయె. అస్సీరియా రాజు ఎత్తుకుపోయె. “ఇన్నిసార్లు రాణిని పోగొట్టుకున్నారే, గుమ్మం దగ్గర ఒక్కణ్ణయినా మెలకువగా కూర్చోబెట్టరా?”

ఇలాంటివాళ్ళు జపాన్‌లోనే ఉన్నారనుకోకండి. తైవాన్ దర్శకుడు హౌ సియావో-సియెన్ 1987లో తీసిన ‘డాటర్ ఆఫ్ ద నైల్’ సినిమాకి పేరు ఈ మాంగా నుంచి వచ్చిందే. వారపత్రిక సీరియళ్ళ మీద పెరిగిన మనవాళ్ళకి వేరే చెప్పాలా!

ఆవిడ కూతురిది వేరే పార్టీ. ఆమెకి షినొహారా చియె రాసిన హిట్టైట్ కథ ఇష్టం. 1995లో మొదలై 2002లో, 28 సంపుటాలతో ముగిసింది.

“ఏడేళ్ళకే అయిపోయిందా? అదేం కథే!” అంటుంది తల్లి.

“ఇందులో హీరో చరిత్రలో నిజంగా ఉన్నాడమ్మా. రెండో ముర్సిలి.”

ఆ ముర్సిలి ఇంటి కథ ఏ మాంగాకీ తీసిపోదు. మొగుడు పోయిన ఈజిప్టు రాణి, నీ కొడుకుని పంపు పెళ్ళాడతానని ముర్సిలి తండ్రికి ఉత్తరం రాసింది. ఆయనా నమ్మలేక ముందు ఆరా తీయడానికి మనిషిని పంపాడు. తీరా కొడుకు జన్నంజాని పంపితే పిల్లవాడు పెళ్ళిపీటల దాకా చేరకుండానే చచ్చిపోయాడు. ఇదంతా హిట్టైట్ల మట్టిపలకల మీదే ఉంది.

కూతురు చెప్పినదంతా ఆవిడ శ్రద్ధగా వింది.

“చూశావా? అప్పుడూ కాపలా సరిగ్గా లేదు.”

ఇదే ఆఖరు, ఇక కొననని ఆ రాత్రి గట్టిగా ప్రకటించి, పుస్తకాన్ని అలమరలో పెట్టింది. వరస బాగా బిగిసిపోయింది. చివర ఉన్న పూలకుండీని తీసి కిటికీ దగ్గర పెట్టి, రెండు వేళ్ళ మందాన జాగా చేసింది.