‘ఆ మట్టి కాస్త’ – కటిభంగ వ్యాఖ్యా సహితం

మూలం:
ఒరే, ఆ మట్టి కాస్త దొడ్లోకి ఎత్తిపొయ్యి.

అవతారిక: మూలకర్త మా అమ్మ. రచనాస్థలం రాచర్లలో మా ఇంటి వసారా. కాలం వేసవి సెలవుల్లో మొదటి ఆదివారం, పొద్దున ఆరు గంటలు. కృతిభర్తను నేను. కృతి పుచ్చుకున్నవాడు కవికి అగ్రహారమో మాడలో ఇచ్చుకోవాలని బడిలో ముప్పై ఏళ్లుగా తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి కనుక తెలుసు. తట్ట మొయ్యాలని ఏ ప్రబంధంలోనూ చదవలేదు.

సందర్భం ఇది. మా దొడ్డి పల్లం. వాన పడితే నీళ్లన్నీ వంటింటి గోడ కిందికి చేరి, నాలుగు రోజులు కప్పలతో కాపురం. అందుకని చెరువు మట్టి రెండు ట్రాక్టర్లు తోలించాం. ట్రాక్టరు వీధిలో దించి వెళ్లిపోయింది. వీధికీ దొడ్డికీ నడుమ ఉన్నది మూడడుగుల సందు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం నల్లమలను 18.8 కిలోమీటర్ల పొడుగున తొలిచిన యంత్రాలు ఈ ప్రాంతం చూసింది. మా సందులోకి మాత్రం ఏ యంత్రమూ రాదు.

కొలిచాల మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలకు దిగాడు. ఆయన మోసింది తాళపత్రాలు. నేను మొదటి ఒట్టు పెట్టుకోగలను. రెండోది నావల్ల కాదు.

ప్రతిపదార్థం: ఒరే = యాభై రెండేళ్లు వచ్చినా నా కొడుకువే అయిన ఓయీ; ఆ = వీధిలో వచ్చేపోయే బండ్లకు అడ్డంగా ఉన్నట్టి; మట్టి = చెరువు మట్టిని; కాస్త = రెండు ట్రాక్టర్లు; దొడ్లోకి = సందు దాటి, కడప దాటి, రెండు మెట్లు దిగి, బట్టల తీగ కింద వంగి చేరవలసిన తావునకు; ఎత్తి = తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తి; పొయ్యి = కుమ్మరింపుము.

ఇందులో కర్త కనిపించడు. ‘నీవు’ అని అధ్యాహారం చేసుకోవాలి. వసారాలో అప్పుడు మా ఆవిడ, మా అబ్బాయి, నేను ముగ్గురం ఉన్నాం. ‘ఒరే’ అనగానే మా ఆవిడ తప్పుకుంది. అబ్బాయి ఫోన్ చెవిన పెట్టుకుని మేడెక్కాడు. అధ్యాహారం నామీద పడింది.

‘మట్టి’ అనే చోట ద్వితీయా విభక్తి రావాలి కదా అని శంక. జడపదానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చునని చిన్నయసూరి ఒప్పుకున్నాడు కాబట్టి తప్పు లేదు. ఇక్కడ జడం మట్టి ఒక్కటే అని సూరి అనుకుని ఉంటాడు. మూడో రోజు నన్ను చూసి ఉంటే ఇంకో సూత్రం రాసేవాడు.

ఈ వాక్యానికి ప్రాణం ‘కాస్త’. ఉప్పు కాస్త, అల్లం కాస్త అన్నప్పుడు ఉండే కాస్త వేరు. కుప్ప పక్కన నిలబడి లెక్క కట్టాను. ఒక ట్రాక్టరు తొట్టికి సుమారు 100 ఘనపు అడుగులు. మా తట్టలో నిండుగా పోస్తే అర ఘనపు అడుగు. అంటే ట్రాక్టరుకు 200 తట్టలు, రెండింటికి 400. తట్ట బరువు ఎంత తక్కువ వేసినా 18 కిలోలు, కనుక మొత్తం 7 టన్నుల పైచిలుకు. సందు మొదటి నుంచి దొడ్డి చివరికి 25 మీటర్లు. పోనూ రానూ 50. నాలుగు వందల సార్లు తిరిగితే 20 కిలోమీటర్లు నడవాలి, అందులో సగం నెత్తిన బరువుతో. ఇంత నడిచీ ఇంటి గుమ్మం దాటి ఎక్కడికీ పోని యాత్ర ఇదొక్కటే. ఉపాధి హామీ పనుల్లో మట్టిని ఘనపు మీటర్లలో కొలుస్తారు. ఆ కొలతల పుస్తకంలో ‘కాస్త’ అనే గడి లేదు. తవ్విన గుంట మధ్యలో ఒక దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు, లోతు ఎంతో దాన్ని చూసి తేల్చడానికి. అమ్మ మాటకు అలాంటి దిమ్మె లేదు.

‘ఎత్తిపొయ్యి’ దగ్గర అసలు పేచీ. ‘ఎత్తి’ క్త్వార్థకం. ముందు జరిగే పనికీ తర్వాతి పనికీ కర్త ఒకడే అయితేనే ఈ రూపం చెల్లుతుందని పాణిని నాటి నుంచీ నియమం. మట్టిపని ఎరిగినవాళ్లు ఆ నియమాన్ని ఏనాడో కొట్టేశారు. తరతరాలుగా చెరువుకట్టలు పోసిన వడ్డెరలనో ఉప్పరులనో చూడండి. తవ్వేది ఒకరు, పారతో తట్ట నింపేది ఒకరు, నింపిన తట్టను నెత్తికెత్తేది ఇంకొకరు, మోసి పోసేది వేరొకరు. నెత్తిన చుట్టకుదురు, దానిమీద తట్ట, మెడ నిటారుగా. ఆ ఎత్తే మనిషి లేకపోతే, మోసేవాడు ప్రతి తట్టకూ నేలదాకా వంగి ఒంటరిగా నెత్తికి చేర్చుకోవాలి. బరువు నడుమును విరిచేది నడకలో కాదు, ఈ వంగి లేవడంలో. నేను వ్యాకరణాన్ని గౌరవించి, కర్త ఒక్కడే అన్నట్టు పని మొదలుపెట్టాను. అరవయ్యో తట్ట దగ్గర ఈ వ్యాఖ్యకు పేరు దొరికింది.

‘పొయ్యి’ శబ్దంలో శ్లేష ఉందని పక్కింటి మామ వాదన. పొయ్యి అంటే వంటపొయ్యి కూడా కదా, మధ్యాహ్నానికి నీ వీపు అదే అవుతుందిలే అన్నాడు. అయింది.

ఛందస్సు: నాలుగు పారలకు ఒక తట్ట. వేపచెట్టు నీడలో యతి. మొదటి రోజు ఇరవై తట్టలకు ఒక యతి పడింది. రెండో రోజు పదింటికి, మూడో రోజు తట్టకొకటి.

దొడ్లో పోయడం మొదలయ్యాక వ్యాఖ్యాతకు ఒక ప్రమాణ గ్రంథం అక్కరపడింది. అది మాకు దగ్గరలోనే, కడప జిల్లా పోరుమామిళ్లలో రాతిమీద ఉంది. 1369లో, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు తవ్వించి వేయించిన సంస్కృత శాసనం. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాతికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. చెరువుకు ఉండవలసిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా. కట్ట ఊరడం ఒక దోషం. చౌడు నేల ఇంకొకటి. చెరువు నడుమ మెరక ఉండటం, నీరు కొంచెమై నేల ఎక్కువ కావడం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం కూడా దోషాలే. మిగిలింది, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఆ చివరి దోషాన్ని నేను మొదటి రోజే చేశాను. పక్కింటికీ మాకూ ఉమ్మడి ప్రహరీ ఒకటి ఉంది. దగ్గర కదా అని తొంభై తట్టలు దాని మొదట్లోనే పోశాను. సాయంత్రానికి అవతలి రాజ్యం నుంచి మామ వచ్చి, “అల్లుడూ, వానొస్తే నీ మట్టి తడి నా గోడలోకి దిగుద్ది” అన్నాడు. పొద్దున శ్లేష చెప్పిన మనిషే. మాట మాత్రం నిజం. గోడకు ఆనించి పునాది ఎత్తు దాటి మట్టి పోస్తే చెమ్మ ఇటుకల్లోకి పాకుతుంది. చెట్టు మొదలుకు ఆనించి పోసినా అంతే, బెరడు కుళ్లుతుంది. నిమ్మచెట్టు చుట్టూ పోసింది కూడా రెండు జానల దూరం లాగాల్సి వచ్చింది. శాసనం ముందే చదివి ఉండవలసింది.

మా వైపు మరో పెద్ద మట్టిపని కంభం చెరువు. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ 57 అడుగుల కట్ట. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. కంభం, పోరుమామిళ్ల చెరువులు రెండూ 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాకెక్కాయి. రాణిగారు కూడా ‘కాస్త’ అనే అని ఉంటుందని నా ఊహ.

అలంకారం: అధికం. ఆధారం కంటే ఆధేయం పెద్దదని చెబితే అధికాలంకారమని కువలయానందం. ఒక మూల జామచెట్టు కోసం రెండడుగుల గుంట తీశాను. అడుగు లోతు దాటగానే పలకరాయి తగిలింది. మార్కాపురం పలకలకు పేరుపడిన ప్రాంతం కదా, గడ్డపార తగిలిన చోటల్లా పెచ్చులే. మొక్క నాటి, ఆ గుంట మట్టితోనే గుంట పూడిస్తే, ఇంకా కొన్ని తట్టలు మిగిలాయి. బిగిసి ఉన్న మట్టిని కదిలిస్తే నూటికి ఇరవై ముప్పై వంతులు ఉబ్బుతుంది. నాలుగు వానలు పడితే దిగుతుంది. అందుకే ఎరిగినవాళ్లు కావలసిన మట్టానికి పైన ఒక జానెడు ఎక్కువే పోస్తారు.

పాఠాంతరం: నాలుగో రోజు పొద్దున అమ్మ దొడ్లోకొచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని కలియజూసి, “కాస్త వేపచెట్టు వైపుకి లాగితే బాగుండేది రా” అంది. కొన్ని ప్రతులలో ‘దొడ్లోకి’కి బదులు ‘వేపచెట్టు వైపుకి’ అని ఉన్నదని గ్రహించాలి. ఏది మూలకర్త హృదయమో తేలలేదు. రెండు పాఠాలనూ అనుసరించాను.

తాత్పర్యం: ఓ కుమారా, ఆ మట్టిని కొంచెము పెరటిలోనికి చేర్చుము.

ఇంకా నలభై తట్టల మట్టి మా సందు మొదట్లోనే ఉంది. మంచి చెరువు మట్టి, చౌడు లేదు, పూలకుండీలకు పనికొస్తుంది. రాచర్ల వైపు వచ్చేవారు ఒక తట్ట తెచ్చుకోండి. నెత్తికెత్తడానికి నేనుంటాను.