గడియారం దొరవారు

ప్యారిస్ పాత అపార్ట్‌మెంట్లలో ఈ జాతి ఇంకా బతికే ఉంది. రేడియేటర్లు వచ్చాక చలిమంట మానేశారు గానీ, దాని పైనున్న పాలరాతి అరుగు అలాగే ఉంది. అరుగు మీద గడియారం. మెలితిరిగిన నాలుగు స్తంభాలు, మధ్యలో లోలకం, ముదురు రోజ్‌వుడ్‌లో పొదిగిన లేతపసుపు చెక్క లతలు.

వెళ్ళినవాళ్ళకి దొరవారు కాఫీకి ముందు గడియారం వీపు చూపిస్తారు. ముఖం చూసి మెచ్చుకునేవాళ్ళంటే ఆయనకి చులకన. లోలకం తీసి పక్కన పెట్టి, పసిబిడ్డకి నీళ్ళు పోసేటంత జాగ్రత్తగా దాన్ని తిప్పుతారు. "పదో షార్ల్ రాజు కాలందండీ, 1824–30 మధ్యది." లోపల ఇత్తడి పలక మీద విన్సెంటీ కంపెనీ ముద్ర, వెండి పతకం, 1855 అని అంకెలు. సరిగ్గా ఆ అంకెల మీదే దొరవారి బొటనవేలు! ఎవరైనా వేలు తీయమంటే జవాబు సిద్ధం: "యంత్రం తర్వాత మార్చారు, పెట్టె మాత్రం అసలుదే." అలా మార్చడం నిజంగానే ఉండేది. ఇంకేం మాట్లాడతాం?

గంటల సంగతి వేరే కథ. ఆ కాలపు గడియారాలు చాలావాటిలో గంటలు లెక్కపెట్టే గాట్ల చక్రానికి ముళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అంటూ తన వరసలో తాను పోతుంది. ఎవరో తొందరపడి ముల్లు తిప్పారు. అప్పటినుంచి మూడింటికి ఏడు కొడుతోంది. సరిచేయడం చిటికెలో పని. దొరవారు మాత్రం గడియారాన్ని వదిలేసి అతిథులను సరిచేస్తారు.

"కొట్టినదాంట్లోంచి నాలుగు తీసెయ్యండి, చాలు."

"మరి రెండు కొడితేనో?"

"పన్నెండు కలిపి తీసెయ్యండి."

ఆదివారాలు సెంట్‌వాన్ పాతసామాన్ల సంతలో ఈయన్ని చూడాలి. మనసు పడ్డ గడియారాన్ని నోటికొచ్చినట్టు తిడతారు. స్తంభం వంకర, చెక్క పొట్టు లేచింది, గంట బొంగురు. ఏ గడియారాన్నైనా పొగిడారంటే కొనే ఉద్దేశం లేదన్నమాట.

పొట్టు లేస్తుందన్న భయం మాత్రం నిజమైనదే. గది వేడికి చెక్క ఎండి ముడుచుకుంటే, వజ్రం జిగురు పట్టు వదిలి పొదుగు పైకి లేస్తుంది. అందుకని జనవరిలో కూడా ఆ గదిలో రేడియేటర్ బంద్. దొరసానిగారు కోటు తొడుక్కుని టీవీ చూస్తారు. ఆవిడ వంటింట్లో చవకరకం బ్యాటరీ గడియారం ఒకటి తగిలించుకున్నారు. అలాంటివాటిని గడియారాలనడానికి దొరవారికి నోరు రాదు. భోజనానికి మాత్రం ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు.