ఎవరండీ లేటు?

ఇంటర్వ్యూకి నిమిషం లేటైనా గేటు పడిపోద్ది. అందుకే అమలాపురం కుర్రాడు చీకటితోనే లేచి, ఇస్త్రీ చొక్కా నలగకుండా రావులపాలెం మీదుగా బస్సులో నిలబడే వచ్చి, రాజమండ్రిలో గంట ముందే దిగుతాడు.

రైలెక్కొచ్చుగా అంటారా? అమలాపురం మీదుగా పోవాల్సిన కోటిపల్లి-నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. రైలింకా రాలేదు.

సరే, వేళకే వెళ్లాడనుకుందాం. టీచరు కొలువుల కోసం 1998 డీఎస్సీ రాసినవాళ్లూ వేళకే వెళ్లారండి. పరీక్ష రాశారు, ఇంటర్వ్యూకి కూర్చున్నారు. కొలువిస్తామన్న కబురు 2022లో వచ్చింది. దరఖాస్తు మీద ఫొటోలో నల్లటి క్రాపు. కబురందుకున్న నెత్తి మీద అదీ లేదు.

ఇరవై నాలుగేళ్లు లేటైన సర్కారుకి మాత్రం ఏ గేటూ పడలేదు.

అన్నట్టు, ఆ వచ్చిన కొలువూ కాంట్రాక్టుదే.