ముందు వెన్ను చూడరా

నేను మంగలి కత్తిని. నా మెడ మీద సోలింగెన్ అని కొట్టి ఉంటుంది. జర్మనీలో వుప్పర్ నది దాపున ఉన్న ఊరది. ఒకప్పుడు ఆ నది నీటి జోరుకే అక్కడి సానచక్రాలు తిరిగేవి. బయట చేసిన కత్తుల మీద తమ ఊరి పేరు కొట్టకుండా 1938లో చట్టమే తెచ్చుకున్నారు. అంచేత నాకు కాస్త గీర ఎక్కువే.

నన్ను రెండు పక్కలా లోపలికంటా అరగదీసి, వెన్ను మందంగా, అంచు పల్చగా తయారు చేశారు. గడ్డం మీద నడిచేటప్పుడు సన్నగా మోగుతాను. కోణం కుదిరిందో లేదో ఆ చప్పుడే చెబుతుంది. 1904లో గిలెట్ దొరకి బ్లేడు మార్చే రేజరు మీద పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సిపాయిలకి ఆ రేజర్లే పంచింది. ఇక చాలా ఇళ్లల్లో మాకు సొరుగే గతి అయింది.

ఆ సొరుగులోంచి నేనెలాగో జర్మనీలోనే ఉన్న ఆఖెన్ ఊళ్లో పాత సామాన్ల సంతకి చేరాను. అక్కడికొచ్చాడు మన గుంటూరు కుర్రాడు. ఎమ్మెస్ చదువుతున్నాడు. ఫోన్లో వీడియో పెట్టి సెలూన్ నడిపే బాబాయిని పిలిచాడు. ఇప్పుడు సెలూన్లలో మనిషికో కొత్త బ్లేడు విరిచి పెడుతున్నారు గానీ, మా జాతి కత్తుల సంగతి ఆయన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

కుర్రాడి చెయ్యి ముందు నా పక్కనున్న ఇంగ్లండు షెఫీల్డు కత్తి మీదికే పోయింది. అంగుళం వెడల్పు, బంగారు పూత, చదరపు మూల.

"బాబాయ్, ఇది అదిరిపోయింది కదా?"

"పూతతో గడ్డం తెగదురా. ఆ మూల చూడు, చెవి కింద తగిలిందా గాటే. అంత వెడల్పుది ముక్కు కింద ఎలా తిప్పుతావ్? మొదటిసారికి మూల గుండ్రంగా ఉన్నది చూడు."

తర్వాత తాబేటి చిప్పలా మెరిసే పిడిది తీశాడు. అది పాత సెల్యులాయిడ్. కుళ్లిందంటే దాని ఆవిరికి పక్కనున్న ఉక్కే తుప్పు పడుతుంది. అప్పటికే దాని అంచు పొడుగునా నల్లటి గుంటలు. నాకూ మచ్చలున్నాయి, కానీ వెన్ను దగ్గర. అక్కడుంటే ఏం కాదు, అంచు మీదుంటేనే కత్తి పనికిరాదు.

చివరికి నన్ను ఎత్తాడు. వెడల్పు అంగుళంలో 5/8 వంతు, అంటే 16 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. కొత్తవాళ్లకి మా అందరిలోకీ ఈ కొలతే నప్పుతుంది. ఇది నా గొప్ప కాదు, గడ్డాలు తెలిసినవాళ్లెవరైనా చెప్పేదే.

"ముందు వెన్ను చూడరా. చదునుగా అరిగిపోయిందా?"

"లేదు బాబాయ్, సన్నటి గీత మాత్రం ఉంది."

"అయితే ఎక్కువ నూరలేదు. అద్దం మీద పడుకోబెట్టు. ఊగుతోందా?"

ఊగలేదు. వెన్ను గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నూరేటప్పుడు వెన్నూ అంచూ రెండూ రాయిని తాకాలి. పదును కోణం కుదిర్చేది వెన్నే. అది అరిగితే ఆ కోణం చెడుతుంది.

కొన్నాక ఆ సాయంత్రమే మొహం మీద పెట్టేసుకుంటాడేమోనని నా భయం. బాబాయి పెట్టుకోనివ్వలేదు. శుభ్రం చేయించి, నూరడం తెలిసినవాడి దగ్గరికి పంపమన్నాడు. అతను ఆర్డెన్ కొండల్లో దొరికే బెల్జియం పసుపు రాయి మీద నన్ను నూరాడు. కొత్త కత్తి కొన్నా ఇదే సంగతి. పెట్టెలోంచి తీసిన ప్రతిదీ గీసుకోడానికి సిద్ధంగా ఉండదు, అమ్మేవాణ్ణి అడిగి తీరాలి.

ఇక తోలు పట్టీ. గీసుకునే ముందు ప్రతిసారీ వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా దాని మీద నన్ను లాగాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, నా పదునూ పోతుంది. కొత్తవాడి చేతిలో మొదటి పట్టీకి గాట్లు తప్పవు కనక చవకదే కొనిపించాడు బాబాయి.

ఇప్పుడు చెంపల దాకా నాదే రాజ్యం. చర్మం బిగలాగి, నన్ను 30 డిగ్రీల వాలులో పట్టుకుంటాడు, బరువు వెయ్యడు. అయ్యాక కడిగి, పొడిగా తుడిచి పెడతాడు. కార్బన్ ఉక్కుని కదా, తడంటే పడదు. గడ్డం కొసా పెదవి పైనా ఇంకా అతని పాత ప్లాస్టిక్ రేజరే. చెయ్యనీ. నిన్న దాని బ్లేళ్లు అయిపోతే కొనడానికి వెళ్లి, ధర చూసి వట్టి చేతుల్తో తిరిగొచ్చాడు.