పొగ పద్యానికి టీకా తాత్పర్యం

తెల్ల పొగకు చలియె, దిగులేల కర్షకా
నీలి పొగకు నూనె నిలువదింట
నల్ల పొగకు గాలి నడవని జల్లెడ
మూడు రంగులందు ముక్కె సాక్షి

టీక: కర్షకా = పాత డీజిల్ ఇంజను గల ఓ రైతా; తెల్ల పొగకు = స్టార్టు కాగానే వచ్చే తెల్లటి పొగకు; చలియె = ఇంజను చల్లబడి ఉండటమే కారణం; దిగులేల = మెకానిక్కును పిలవనేల; నూనె ఇంట నిలువదు = ఇంజనాయిలు డబ్బా ఎంత పెద్దదైనా చాలదు; గాలి నడవని జల్లెడ = దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు; ముక్కె సాక్షి = వాసనే రుజువు.

తాత్పర్యం: తొలి పొగను బట్టి లోపలి రోగం తెలుస్తుందని భావం.

విశేషాలు: వివాదమంతా మొదటి పాదంలోనే ఉంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. కిర్లోస్కర్ ఏవీ-1 వంటి 5 హార్స్‌పవర్ ఇంజను గాలిని 16.5 వంతుల నుంచి ఒక వంతుకు అణచిపెడుతుంది. ఆ వేడికి నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. వేడి చాలకపోతే డీజిల్ కాలకుండానే ఆవిరై, కళ్లు మండించే తెల్ల పొగగా బయటికొస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున ఇది సహజం, కాసేపటికి పోతుంది. కవిది చలిప్రదేశం కాబోలు. రోహిణి కార్తెలో కర్నూలు, కడప చేలల్లో చలి ఎక్కడిది? అక్కడ మే నెలలో తెల్ల పొగ వస్తే ‘దిగులేల’ అన్న మాట చెల్లదు. వాల్వులు సరిగా కూర్చోక, రింగులు అరిగి కంప్రెషన్ జారుతోందనో, పంపు టైమింగ్ వెనకబడిందనో గ్రహించాలి. హ్యాండిల్ వేగం అందుకోకముందే డీకంప్రెషన్ లివరు వదిలినా ఇదే ఫలం. ఆ దోషం ఇంజనుది కాదు, తిప్పినవాడిది. డీజిల్ వాసన లేకుండా అరచేతికి తడిగా తగిలి, ఎంతకీ ఆగనిది ఆవిరి. హెడ్ గాస్కెట్ పోయి సిలిండరులోకి నీళ్లు దిగుతున్నాయన్నమాట. మళ్లీ హ్యాండిల్ వేయకపోవడమే మేలు: నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

రెండో పాదంలో కవికి తొందర ఎక్కువ. రాత్రి వాల్వు గైడుల వెంట జారిన నూనె పొద్దున గుప్పున కాలి మాయమైతే అది చిన్న విషయం. లోడు పడ్డాక కూడా నీలి పొగ ఆగకపోతే రింగులు, లైనరు అరిగినట్టు. ఊళ్లో ‘ఆయిల్ తాగుతాంది’ అనేది ఈ దశనే. ఆయిల్‌బాత్ ఫిల్టరులో గీత దాటి నూనె పోసినా ఇంజను దాన్నే పీల్చి నీలి పొగ వదులుతుంది.

మూడో పాదానికి ఒక మినహాయింపు. ఆగి ఉన్న ఇంజనులో గవర్నరు డీజిల్ దారిని పూర్తిగా తెరిచి ఉంచుతుంది గనుక అంటుకోగానే ఒక నల్లటి గుప్పు తప్పదు. అది వదలకపోతే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ కారుతోంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాయి గనుల దారిలో తిరిగే ట్రాక్టరుకైతే ముందు జల్లెడనే అనుమానించాలి. విసుగెత్తి ఫిల్టరు ఊడదీసి నడిపేవారున్నారు. నల్ల పొగ ఆ పూటే తగ్గుతుంది. రాతిపొడి రింగులను తినేశాక రెండో పాదం అమల్లోకి వస్తుంది.

నాలుగో పాదం అతిశయోక్తి. ముక్కుతోపాటు డిప్‌స్టిక్కునూ సాక్ష్యానికి పిలవాలి. దాని మీద నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిసినట్టే. అప్పుడు పొగ రంగు కోసం చూడకుండా ఇంజను విప్పించాలి.